ప్రూఫ్ అంటే జిరాక్స్ కాదప్పా

మొన్న రాత్రి మా పదో తరగతి బ్యాచ్ గ్రూపులో పెద్ద రచ్చ. గెట్ టుగెదర్‌కని వసూలు చేసిన డబ్బులు ఒకడు మింగేశాడని ఇంకొకడి ఆరోపణ. కింద ఒక ఫోన్‌పే స్క్రీన్‌షాట్, దాని మీద ఎర్ర రంగుతో సున్నా చుట్టి 'ఇదిగో ప్రూఫ్' అని రాశాడు. పది నిమిషాల్లో ముప్పై మంది తీర్పు చెప్పేశారు. ఆ స్క్రీన్‌షాట్‌లో ఉన్నదల్లా పన్నెండు వేలు వాడి ఖాతాలో పడినట్టు. పడ్డాయని వాడే ఒప్పుకుంటున్నాడు, వసూలు పని మనమే వాడికి అప్పజెప్పాం కాబట్టి. మింగినట్టు అందులో ఎక్కడుంది? అదే అడిగితే నన్ను 'నువ్వు వాడి మనిషివి' అన్నారు.

నాకు మనుషుల మీద కంటే ఆ 'ప్రూఫ్' అన్న మాట మీదే ఎక్కువ కోపమొచ్చింది. నాది కర్నూల్లో జిరాక్స్ కొట్టు. పొద్దున షట్టర్ ఎత్తినప్పటి నుంచి రాత్రి దించేదాకా చెవిలో పడేది అదే మాట. "అన్నా, రెండు ప్రూఫ్‌లు తీయి." "అడ్రస్ ప్రూఫ్ ముందూ వెనకా ఒకే పేజీలో రావాల." "ఏజ్ ప్రూఫ్‌కు ఆధార్ చాలదా అన్నా?"

చాలదు. పుట్టిన తేదీకి ఆధార్ రుజువు కాదని ఆ కార్డు ఇచ్చే సంస్థే చెప్పింది. పీఎఫ్ వాళ్ళు 2024 జనవరిలో తమ జాబితాలోంచి తీసేశారు. అదే ఏడాది అక్టోబర్‌లో సుప్రీంకోర్టు కూడా, వయసు తేల్చడానికి ఆధార్ పనికిరాదు, స్కూల్ సర్టిఫికెట్ చూడండి అంది. బడి ముఖం చూడని ముసలామెకు ఈ సంగతి నేను ఎట్లా చెప్పాలి? పేరేమో ఆధారం. దేనికి ఆధారమని అడిగితే మాత్రం కౌంటరుకొక జవాబు.

నవంబర్‌లో ఇంకో తమాషా. పింఛనుదారులు బతికే ఉన్నామని ఏటా చెప్పుకోవాలి కదా, ఆన్‌లైన్‌లో ఆ పనికి పెట్టిన పేరు జీవన్ ప్రమాణ్. 2014లో మొదలైంది. హిందీలో ప్రమాణ్ అంటే రుజువు. మనకు ప్రమాణం అంటే ఒట్టు, లేదంటే కొలత. జీవన ప్రమాణాలు అని మన పేపర్లు రాసేది జనం ఎంత బాగా బతుకుతున్నారన్న సంగతి. పోయిన నవంబర్‌లో ఒక రిటైరైన పంతులుగారు వచ్చారు. సుద్దముక్క పట్టీ పట్టీ వేళ్ళు అరిగిపోయాయో ఏమో, ముద్ర పడదు. తుడిచినాం, తడిపినాం, వేలు మార్చినాం. చివరికి ఫోన్ కెమెరాకు ముఖం చూపించి, కళ్ళు ఆర్పి, బతికున్నట్టు అనిపించుకున్నారు. ప్రింటు తీసి చేతికిస్తే పైన పేరు చదివి నవ్వి, "నా జీవన ప్రమాణం కావాలంటే మా ఇంటికొచ్చి చూడమనప్పా. జొన్నరొట్టె, పప్పు. ఈ వేలు చూస్తే ఏం తెలుస్తుంది?" అన్నారు.

అసలు ఇంగ్లీషులో ప్రూఫ్ అన్న మాట పుట్టింది లాటిన్‌లో 'పరీక్షించు' అనే అర్థమున్న మాట నుంచి. ఆ పాత అర్థం ప్రెస్సు పనిలో ఇంకా బతికే ఉంది. నేను పెళ్ళిపత్రికలు కూడా కొడతాను. మొదటి ప్రింటు తీసి పెళ్ళివారికిచ్చేదాన్ని ప్రూఫ్ అంటాం. అంటే ఏమిటి? ఇందులో తప్పులుంటాయి, చూసి దిద్దండి అని. ఒకసారి పెళ్ళికూతురి పేరులో దీర్ఘం పోయింది, ఇంటిల్లిపాదీ ప్రూఫ్ చూసి సంతకం పెట్టారు, ఐదొందల కార్డులు అట్లాగే వెళ్ళాయి. ఒకే కొట్టులో ఒకే మాట. ఈ పక్క బల్ల మీద అనుమానించాల్సిన కాగితం, ఆ పక్క మిషన్ మీద అనుమానించకూడని కాగితం.

మనకు మాటల కరువేం లేదు. కళ్ళతో చూసినవాడు చెప్పేది సాక్ష్యం. ఆ మాటలోనే కన్ను ఉంది, అక్షి. ఒక సంగతిని నిలబెట్టే ఊత ఆధారం. అన్నీ తూచి చూశాక తేలేది రుజువు. నవాబులు ఏలిన ఊరు మాది, దాఖలా, దస్తావేజు, జామీను లాంటి మాటలు ఇక్కడ ఎవరూ నేర్పక్కర్లేదు. న్యాయశాస్త్రం అంటే కోర్టు చట్టం కాదు, మన పాత తర్కశాస్త్రం. అది చెప్పే నాలుగు ప్రమాణాల్లో, అంటే నిజం తెలుసుకునే దారుల్లో, అనుమానం ఒకటి. పొగ చూసి నిప్పుందని తెలుసుకోవడం. మనం దాన్ని కట్టుకున్నోళ్ళ ఫోన్ చూడటానికి వాడుకుంటున్నాం, అది వేరే సంగతి.

మా పిన్నమ్మ ఇల్లు పాత ఊర్లో. 2009 అక్టోబర్ 2న తుంగభద్ర, హంద్రీ ఊరి మీద పడ్డప్పుడు మిద్దె పైకెక్కి ప్రాణాలు దక్కించుకున్నారు. కింద ట్రంకు పెట్టెలో కాగితాలన్నీ ముద్దయి పోయినాయి. ఆ తర్వాత ఒక ఆఫీసులో ఏదో పని పడితే, కాగితాలు వరదలో పోయినాయనడానికి ప్రూఫ్ తెమ్మన్నారట. పిన్నమ్మకు ఏం చెప్పాలో తెలీక, "మా ఇంటి గోడ చూడండి సార్" అనింది. నీళ్ళు నిలబడిన గీత ఆ గోడ మీద నా తలకంటే పైన ఉండేది. రెండుసార్లు సున్నం కొట్టినా మళ్ళీ తేలింది. దాన్ని జిరాక్స్ తీయలేం కదా. ఆ సారుకు కనబడలేదు.

చట్టమే ఈ విషయంలో మనకంటే నయం. 1872 నాటి సాక్ష్య చట్టం పోయి 2024 జూలై 1 నుంచి కొత్తది వచ్చినా ఈ భాగం అట్లాగే ఉంది. సాక్షుల మాటలు, పత్రాలు, ఇవన్నీ ఎవిడెన్స్ మాత్రమే. వాటిని చూశాక కోర్టు నమ్మితేనో, తెలివిగల మనిషి నమ్మి ముందుకు పోయేంత సంభావ్యత ఉందనుకుంటేనో అప్పుడది రుజువైనట్టు. నమ్మకం అన్న మాట ఏ కవీ చొప్పించలేదు, రుజువు నిర్వచనంలోనే ఉంది. ఇంకొకటి కూడా గమనించండి. చట్టానికి స్థితులు రెండు కాదు, మూడు. రుజువైంది, కాదని రుజువైంది, రుజువు కాలేదు. ఆ మూడో గది మన గ్రూపుల్లో లేదు. రుజువు కాలేదంటే చాలు, ఒకడు 'చూశావా నిర్దోషి' అంటాడు, ఇంకొకడు 'మేనేజ్ చేశాడు' అంటాడు. తెలీదు అనడానికి అందరికీ నామోషీ.

డబ్బులు మింగాడని మాటపడ్డ మా వాడు ఆ రాత్రే గ్రూపులోంచి వెళ్ళిపోయాడు. 'చూశారా, ఇంతకంటే ప్రూఫ్ ఏం కావాల' అని మిగిలినవాళ్ళది మళ్ళీ అదే మాట. నేను టైప్ చేసి, తీసేసి, పడుకున్నా.

మరుసటి రోజు పదకొండింటికి వాడే కొట్టుకొచ్చాడు. జేబులోంచి నాలుగు మడతల కాగితం తీసి అద్దం మీద పెట్టాడు. ఫంక్షన్ హాలు అడ్వాన్సు రసీదు, పన్నెండు వేలు. చేత్తో రాసింది, స్టాంపు కొంచెం చెదిరింది.

"ఎన్ని తీయాల్రా?" అన్నా.

"గ్రూపులో నలభై రెండు మంది ఉన్నారు గదా. నలభై రెండు తీయి."