"ఇంట్లో ఏం చేసినా దండగే" అన్న మెసేజ్‌కి నా జవాబు

వారం రోజులుగా ఒడిశాలో మన బరంపురం తెలుగువాళ్ళ గ్రూపులన్నిట్లో ఒకటే మెసేజ్ తిరుగుతోంది. మా పెదనాన్న పంపారు, పర్లాకిమిడి నుంచి పిన్ని పంపింది, నిన్న కింద పోర్షన్లో అద్దెకున్న అమ్మాయి ఫోన్ పట్టుకొని పైకొచ్చి "ఇది నిజమేనా అక్కా, అయితే మనం చేసేదంతా వేస్టేనా" అని అడిగింది. ఆ మాటకే ఇది రాయాలనిపించింది. మెసేజ్‌లో ఉన్నది ఏటంటే, పర్యావరణం పేరుతో ఇళ్ళల్లో చేసే చిన్న చిన్న పన్లన్నీ దండగ, గుడ్డ సంచీ ప్లాస్టిక్ కవర్ కంటే చెడ్డది, చెత్త వేరు చేసినా బండిలో కలిపేస్తారు, ప్లాస్టిక్‌ని కాల్చేస్తే గొడవే ఉండదు, లైట్లు మాటిమాటికీ ఆర్పితే కరెంటు ఇంకా ఎక్కువ కాలుతాది, ఫ్యాన్ తగ్గించినా బిల్లు తగ్గదు, అసలు పాడు చేసేది ఫ్యాక్టరీలైతే మనకెందుకీ కష్టం అని. పచ్చి అబద్ధాలైతే ఇంతమంది నమ్మరు, చాలావాటిలో ఒక ముక్క నిజం ఉంది, దాన్ని పట్టుకొని మిగతాదంతా అల్లారు. అందుకే ఒక్కొక్కటీ విప్పి చెప్తాను, పెద్దవాళ్ళు ఏమీ అనుకోవద్దు.

ముందు సంచీ సంగతి. 20,000 సార్లు వాడితేగానీ గుడ్డ సంచీ ప్లాస్టిక్ కవర్‌తో సమానం కాదని డెన్మార్క్ ప్రభుత్వం తేల్చిందట. ఆ రిపోర్టు నిజంగానే ఉంది, 2018లో వాళ్ళ పర్యావరణ శాఖ వేసింది, ఆ అంకె కూడా అందులోదే. కానీ అది ఆర్గానిక్ పత్తితో కొత్తగా తయారుచేసిన సంచీకి, అదీ ఓజోన్ పొర దగ్గర్నుంచి ఏ రకం నష్టంలోనూ కవర్‌ని మించకూడదంటే వచ్చిన అంకె. వాతావరణం వేడెక్కడం ఒక్కటే చూస్తే అదే రిపోర్టులో ఆర్గానిక్ సంచీకి 149 సార్లు, మామూలు పత్తి సంచీకి 52 సార్లు అని ఉంది. వారానికి రెండుసార్లు బజారుకెళ్ళే ఇంట్లో 52 అంటే ఆరు నెలలు. ఇంకోటి, రోడ్డు మీద పారేసిన కవర్ల వల్ల జరిగే నష్టాన్ని ఆ లెక్కలో కలపనే లేదు, ఎందుకంటే అక్కడ కవర్‌ని చెత్తబుట్టలో తొడిగి వాడి, చివరికి ప్లాంటులో కాల్చి కరెంటు తీస్తారు. మన దగ్గర ఏమవుతోందో మొదటి వాన పడ్డ రోజు వీధి కాలువ చూస్తే తెలుస్తాది. ఆవులు తింటాయి, మిగిలినవి కొట్టుకుపోయి సముద్రంలో తేలుతాయి, మనకి ఇంత దగ్గర్లో ఋషికుల్య సముద్రంలో కలిసే చోటకి గుడ్లు పెట్టడానికి ఆలివ్ రిడ్లీ తాబేళ్ళు లక్షల్లో వస్తాయి కదా, సముద్ర తాబేళ్ళు నీళ్ళలో తేలే కవర్‌ని జెల్లీ చేప అనుకొని మింగేస్తాయి, డెన్మార్క్ లెక్కలో ఈ తాబేలు లేదు.

అయినా మనలో కొత్త పత్తి సంచీ కొంటున్నది ఎవరు? మా ఇంట్లోవి మా అత్తగారు మావయ్యగారి పాత ప్యాంట్లతో కుట్టినవి, ఒక్కో కాలికి ఒక్కో సంచీ, నడుం పట్టీ కోసి పిడి. కింద రెండు వరసల కుట్టు. ఐదు కిలోల బంగాళాదుంపలు వేసుకొని బడా బజార్ నుంచి నడిచొచ్చినా తెగలేదు. ఆ సంచీ కోసం ఒక్క పత్తి మొక్క కూడా కొత్తగా వేయలేదు, అలాంటప్పుడు ఏ రిపోర్టు లెక్కా దానికి వర్తించదు. పైగా 120 మైక్రాన్ల కంటే పల్చటి ప్లాస్టిక్ క్యారీ బ్యాగులు 2022 డిసెంబర్ 31 నుంచి దేశమంతా నిషేధం, కొట్టువాడు ఇస్తున్నాడని పుచ్చుకోవడం మన తప్పే.

కాల్చేయడం గురించి రాసింది చూసి నాకు నిజంగా బాధేసింది. పర్లాకిమిడిలో మా అమ్మమ్మ వాళ్ళింట్లో పెరట్లో నీళ్ళ పొయ్యి ఉండేది, కొబ్బరి మట్టలు, పుల్లలు పెట్టి స్నానానికి నీళ్ళు కాచేవారు. ఆ బూడిదతోనే గిన్నెలు తోమేవారు, మిగిలింది ఆనపపాదుకి, వంగమొక్కలకి చల్లేవారు. తర్వాత తర్వాత పొయ్యి అంటించడానికి పాల ప్యాకెట్టు వాడ్డం అలవాటైంది, అగ్గిపుల్ల గీస్తే చటుక్కున అంటుకుంటాది కదా. అది కరిగి నల్లగా బొట్లు బొట్లుగా కారడం, ఆ వాసనకి అమ్మమ్మ కొంగు అడ్డం పెట్టుకోవడం నాకు ఇప్పటికీ కళ్ళకి కట్టినట్టు ఉంటాది. మన పెరటి మంటకి ప్లాస్టిక్ పూర్తిగా కాలేంత వేడి రాదు, మసి, విషం కలిసిన పొగ వస్తాయి, పీవీసీ కలిసిందంటే, అంటే వైరు తొడుగు, పైపు ముక్క, రెగ్జిన్ లాంటివి, డయాక్సిన్లు కూడా పుడతాయి, అవి క్యాన్సర్ తెచ్చే రకం. ఆ బూడిద మళ్ళీ గిన్నెలకి, ఆనపపాదుకి! పీడ పోలేదు, కంచంలోకి వచ్చింది. బయట చెత్త కాలిస్తే 5,000 రూపాయల జరిమానా అని పర్యావరణ కేసులు చూసే గ్రీన్ ట్రిబ్యునల్ 2016లోనే చెప్పింది, జరిమానా సంగతి పక్కన పెట్టినా పక్కింట్లో ఆయాసం ఉన్న ముసలాయన ఉంటారు, చంటిపిల్ల ఉంటాది, వాళ్ళ గురించైనా ఆలోచించాలి.

చెత్త బండిలో కలిపేస్తారన్నది, కొన్నిచోట్ల కలపడం నేనూ చూశాను, కాదనను. కానీ తడి చెత్త ఇంట్లోనే ఉండిపోతే బండిలో కలవడానికి ఏముంటాది? మన ఇళ్ళల్లో చెత్త సగానికి పైగా తొక్కలు, కూర కాడలు, టీ పొడే. డాబా మీద అడుగున కన్నాలున్న మట్టికుండ, కింద పళ్ళెం, ఒక గుప్పెడు తొక్కలు వేస్తే రెండు గుప్పెళ్ళు ఎండుటాకులు, పైన మూత, అంతే. ఆకులు వేయకపోతే కంపు కొడతాది, మొదటి నెల నాకూ కొట్టింది, ఆకులు ఎక్కువేసి కర్రతో కలిపితే మూడోరోజుకి పోయింది. చేప పొట్టలు, రొయ్య తలలు మాత్రం కుండలో వద్దు, కొబ్బరిచెట్టు మొదట్లో లోతుగా పాతండి. కుండ పెట్టే చోటు లేనివాళ్ళు వేరు చేసి ఇస్తే చాలు, ఒడిశాలో మున్సిపాలిటీలు తడి చెత్తతో ఎరువు చేసి "మో ఖత" పేరుతో అమ్ముతున్నాయి, ఇంటింటికీ తిరిగే స్వచ్ఛసాథీ ఆడవాళ్ళు అడిగేది కూడా ఆ వేరు చేయడమే. వాళ్ళు చేత్తో ఏరాల్సి రాకపోతే అదొక్కటి చాలదా?

లైట్ల మాట రెండు ముక్కల్లో తేలిపోతాది. పాత చోక్ ట్యూబ్‌లైట్ మాటిమాటికీ వేసి ఆర్పితే ట్యూబు తొందరగా పోయేది, కరెంటు పెరిగేది కాదు. ఎల్ఈడీకి ఆ బాధ కూడా లేదు. గదిలోంచి వస్తూ ఆర్పేయండి.

ఫ్యాన్‌ది కొంచెం వేరు. పాతకాలం పెద్ద డబ్బా రెగ్యులేటర్ అయితే స్పీడు తగ్గించినా పెద్దగా మిగలదు, మిగలాల్సిన కరెంటు ఆ డబ్బాలోనే వేడైపోతాది, మెసేజ్ రాసినాయన ఇంట్లో అదే ఉండుంటాది. ఇప్పటి చిన్న ఎలక్ట్రానిక్ రెగ్యులేటర్‌కి స్పీడు తగ్గిస్తే కరెంటు తగ్గుతాది. ఫ్యానే మారిస్తే ఇంకా మిగులుతాది, మామూలు ఫ్యాన్ 75 వాట్లు, తక్కువ కరెంటుతో తిరిగే కొత్తరకం మోటారున్న బీఎల్డీసీ ఫ్యాన్ 30 వాట్లు. తేడా 45 వాట్లు, మన ఉక్కపోతకి రోజుకి 12 గంటలు, ఏడాదిలో 300 రోజులు తిరుగుతాదనుకున్నా 162 యూనిట్లు మిగులుతాయి. ఇక ఫ్యాక్టరీల మాట కూడా ఇక్కడే చెప్తాను. వాళ్ళు ఎక్కువ పాడు చేస్తున్నారన్నది నిజం, వాళ్ళని అడగాల్సిందే, గట్టిగా అడగాల్సిందే. కానీ తాల్చేర్ కరెంటు ప్లాంటులో బొగ్గు కాలేది ఫ్యాక్టరీల కోసమే కాదు, మన ఫ్యాన్ కోసం కూడా. మన దేశంలో గ్రిడ్ కరెంటు యూనిట్‌కి సగటున 0.7 కిలోల కార్బన్ డయాక్సైడ్ వదులుతోంది, ఆ లెక్కన ఒక్క ఫ్యాన్ మారిస్తే ఏడాదికి 110 కిలోల పైన తగ్గుతాది. మా ఇంట్లో ఫ్యాన్లు మూడు.

పొద్దున్న పెదనాన్నకి ఫోన్ చేశాను. వాళ్ళ హాల్లో ఇప్పటికీ ఆ డబ్బా రెగ్యులేటరే ఉంది, ఫ్యాన్ రెండులో పెట్టి పావుగంట ఆగి దాని మీద చెయ్యి వేసి చూడండి అన్నాను. "వేడిగానే ఉందే అమ్మా" అన్నారు. ఆదివారం ఎలక్ట్రీషియన్‌ని పిలిపిస్తున్నారు.