చౌక ప్రాసెసర్‌కు అగ్నిపరీక్ష: శాస్త్రోక్త విధానం

తక్కువ ధర ప్రాసెసర్‌ను పరీక్షించదలచినవారు మొట్టమొదట సమకూర్చుకోవలసినది లోకంలో దొరికే అత్యంత ఖరీదైన గ్రాఫిక్స్ కార్డు. ఈ నియమాన్ని ఎవరు, ఎప్పుడు శాసించారో తెలిపే ఆధారాలు లేవు గానీ, దాన్ని మీరిన సమీక్షకుడిని పాఠకలోకం క్షమించదన్నది మాత్రం అనుభవసిద్ధం. 58 వాట్ల మూల విద్యుత్తుతో పనిచేసే ఇంటెల్ కోర్ ఐ3-12100ఎఫ్ వంటి చిన్న చిప్పును, తానొక్కటే 450 వాట్లు ఆరగించగల ఆర్‌టీఎక్స్ 4090 వంటి కార్డు పక్కన కూర్చోబెట్టి, అప్పుడు ‘సామాన్యుడికి ఈ ప్రాసెసర్ సరిపోతుందా?’ అని గంభీరంగా ప్రశ్నించడం ఈ క్రతువులో తొలి ఘట్టం.

ఈ పద్ధతిలో తర్కం లేదనడం అన్యాయం. ఆటలో ప్రతి ఫ్రేమునూ, అంటే తెర మీద మారే ప్రతి బొమ్మనూ, ఇద్దరు కలిసి తయారుచేస్తారు. పాత్ర ఎక్కడ నిలబడిందో, గోడ ఎటు కూలుతోందో, శత్రువు ఏం చేయబోతున్నాడో లెక్కగట్టి ఆదేశాలు రాసిచ్చేది ప్రాసెసర్. వాటి ప్రకారం బొమ్మ గీసేది గ్రాఫిక్స్ కార్డు. ఇద్దరిలో ఎవరు నెమ్మదైతే వారి వేగమే ఆట వేగం. ప్రాసెసర్ సత్తా తేలాలంటే కార్డు దాదాపు ఊరకే కూర్చోవాలి కాబట్టి, కార్డును వీలైనంత పెద్దదిగా ఎంచుకుని, రిజల్యూషన్‌ను (బొమ్మలోని చుక్కల సంఖ్యను) 1080పీకి, పట్టుదల ఎక్కువైతే 720పీకి, దృశ్య నాణ్యతను అట్టడుగుకు దించి కొలుస్తారు. వాదన నిర్దుష్టం. అయితే ఆ కార్డు కొని, నీడలన్నీ ఆపేసి, 720పీలో ఆడుకునే మానవుడు ఇంతవరకు పుట్టలేదు. పుట్టినా అతడు ఐ3 జోలికి రాడు.

పరీక్షకు వచ్చిన అభ్యర్థి వంశచరిత్ర కూడా చెప్పుకోవడం మర్యాద. 2022 జనవరిలో వచ్చిన ఐ3-12100కు నాలుగు కోర్లు (విడివిడిగా లెక్కలు కట్టే భాగాలు), ఎనిమిది థ్రెడ్లు (ఏకకాలంలో నడిచే పనుల వరుసలు), 12 ఎంబీల ఎల్3 క్యాష్ (చిప్పులోనే ఉండే వేగవంతమైన చిన్న మెమరీ), 4.3 గిగాహెర్ట్జ్ గరిష్ఠ వేగం. ఏడాది తిరిగేసరికి 13100 వచ్చింది: నాలుగు కోర్లు, ఎనిమిది థ్రెడ్లు, 12 ఎంబీలు, 4.5 గిగాహెర్ట్జ్. మరో ఏడాదికి 14100: అవే కోర్లు, అవే థ్రెడ్లు, అదే క్యాష్, 4.7 గిగాహెర్ట్జ్. ఏటా 200 మెగాహెర్ట్జ్ చొప్పున సాగిన ఈ మహాప్రస్థానంలో ప్రతి మజిలీకీ కొత్త తరం పేరు, కొత్త పెట్టె, కొత్త సమీక్ష దక్కాయి. సమీక్షకులు మూడు సార్లూ అదే ఉత్కంఠతో పెట్టె విప్పారంటే వారి వృత్తినిష్ఠకు చేతులెత్తి మొక్కాల్సిందే.

ఈ నాలుగు కోర్లకు గతవైభవం లేకపోలేదు. 2017 జనవరిలో విడుదలైన ఐ7-7700కే కూడా నాలుగు కోర్లు, ఎనిమిది థ్రెడ్లదే. అప్పట్లో అది సామాన్య డెస్క్‌టాప్ శ్రేణికి పట్టపుటేనుగు. ఆటగాడికి అంతకు మించి అక్కర్లేదని విజ్ఞులు తీర్పు చెప్పారు. అయిదేళ్ల తరువాత అన్నే కోర్లతో, ప్రతి కోరూ అంతకన్నా చురుగ్గా పనిచేసే 12100 చాలా పనుల్లో దాన్ని దాటిపోయింది. విజ్ఞులు ఈసారి పెదవి విరిచి, నాలుగు కోర్లతో ఎలా బతుకుతారని కొనుగోలుదారుపై జాలిపడ్డారు. మధ్యలో ఆటలు బరువెక్కిన మాట నిజమే. కానీ జాలి అంతకన్నా వేగంగా బరువెక్కింది.

ఇక అసలు ఘట్టమైన ఫ్రేముల లెక్కకు వద్దాం. ఒక చిప్పు సెకనుకు 210 ఫ్రేములు, రెండోది 180 ఇచ్చిందనుకుందాం. పట్టికలో రెండో చిప్పు గీత పొట్టిగా, ఎర్రగా, అవమానభారంతో కనిపిస్తుంది. సెకనుకు 60 సార్లు మాత్రమే బొమ్మ మార్చగల తెర ముందు కూర్చున్నవాడికి ఒక్కో బొమ్మ 16.67 మిల్లీసెకన్లు నిలుస్తుంది. 210లోనూ 180లోనూ అతని కంటికి పూర్తిగా అందేవి ఆ అరవయ్యే. మిగిలినవి మీట నొక్కాక స్పందన కాస్త త్వరగా రావడానికి ఉపయోగపడతాయి, దానిని కాదనలేము; అయితే ఆ తేడాతో ఓడిపోయిన ఆటలకన్నా, ఆ తేడా మీద నెపం వేసిన ఓటములే లెక్కకు మించి ఉంటాయి.

నిజానికి చిన్న ప్రాసెసర్ ఇబ్బంది పెట్టేది సగటులో కాదు. ఒక సెకనులో 90 ఫ్రేములు పదేసి మిల్లీసెకన్లకు ఒకటి చొప్పున సాఫీగా వచ్చి, ఒక్కటి మాత్రం 100 మిల్లీసెకన్లు తీసుకుందనుకోండి. మొత్తం 91 ఫ్రేములు. సగటు దివ్యంగా ఉంది. తెర మీద మాత్రం మలుపు తిరుగుతున్న కారు ఒక్క క్షణం శిలై, తరువాత గోడలో ప్రత్యక్షమవుతుంది. ఆట తన థ్రెడ్లన్నిటినీ ఒకేసారి నిద్రలేపినప్పుడు, కొత్త ప్రదేశంలో అడుగుపెట్టగానే షేడర్లు, అంటే దృశ్యానికి రంగూ వెలుగూ అద్దే చిన్న ప్రోగ్రాములు, అప్పటికప్పుడు కంపైల్ కావలసి వచ్చినప్పుడు నాలుగు కోర్లకు ఊపిరాడదు. ఈ సంగతి చెప్పగలిగే ‘ఒక శాతం కనిష్ఠం’ (అతి నెమ్మదైన ఒక శాతం ఫ్రేముల వేగం) అనే అంకె పట్టికలో ఉంటుంది. పెద్ద గీత కింద, పలుచని రంగులో, ఎవరూ చదవని సన్నటక్షరాల్లో ఉంటుంది.

పరీక్షా స్థలపు శుచీశుభ్రాల ముచ్చట వేరే. ఆపరేటింగ్ సిస్టమ్ అప్పుడే ఇన్‌స్టాల్ చేసినది అయివుండాలి; నవీకరణలు ఆగిపోవాలి; యాంటీవైరస్ మౌనవ్రతం పట్టాలి; బ్రౌజర్ పేరెత్తకూడదు. ఆ మడి కట్టుకున్న యంత్రంలో వచ్చిన ఫలితాన్ని, మూడు ఆటల లాంచర్లు, ఒక వాయిస్ చాట్, కీబోర్డు దీపాల రంగులు మార్చడానికి మాత్రమే పుట్టిన మరో ప్రోగ్రామ్, ప్రింటర్ లేకపోయినా ప్రింటర్ కోసం కాచుకుని కూర్చున్న ఇంకొకటి కంప్యూటర్ ఆన్ చేయగానే వరసకట్టే ఇంటివాడు చదివి, తన యంత్రంలో అంత వేగం ఎందుకు రాలేదని చిప్పును అనుమానిస్తాడు. ఆరు కోర్లు, 12 థ్రెడ్లున్న, ఇంటెల్ పోటీదారు ఏఎండీ వారి రైజెన్ 5 5600 వంటివాటికీ ఐ3కీ మధ్య అసలు తేడా ఈ సంతలోనే బయటపడుతుంది. సంతలో కొలిస్తే ఫలితం ప్రతిసారీ ఒకేలా రాదు కాబట్టి అక్కడ కొలవరు.

ఆటలయ్యాక ‘నిత్యావసర పనుల సామర్థ్యం’ అనే అధ్యాయం వస్తుంది. ఇందులో నిత్యావసరమంటే త్రీడీ దృశ్యాలను రెండర్ చేయడం, అంటే లెక్కగట్టి బొమ్మగా గీయడం. సినీబెంచ్ ఆర్23 అనే పరీక్షా ప్రోగ్రామును నడిపితే అది కనీసం పది నిమిషాల పాటు ఒకే దృశ్యాన్ని చిన్న చిన్న గడులుగా విడదీసి, అన్ని కోర్లకూ పంచి, మళ్లీ మళ్లీ గీయిస్తుంది. కోర్లెన్ని ఉంటే అన్నీ పనిలోకి దిగే పని అది. కాబట్టి 16 కోర్ల చిప్పు ముందు నాలుగు కోర్లది నక్కకూ నాకలోకానికీ ఉన్నంత దూరంలో నిలుస్తుంది. చౌక ప్రాసెసర్ కొని ఉత్తరం టైపు చేసుకుందామనుకున్న గుమాస్తా ఈ పట్టిక చూసి, తన ఉత్తరంలో రెండర్ కావలసిన త్రీడీ దృశ్యం ఏ పేరాలో ఉందోనని వెతుక్కోవలసి వస్తుంది.

ఆ గుమాస్తా బల్లను ఒక్కసారి దగ్గరగా చూడండి. ఒక స్ప్రెడ్‌షీట్ తెరిచి ఉంది. దానిలోని మాక్రో (చెప్పిన పనులను వరసగా తానే చేసే చిన్న ప్రోగ్రామ్) మొదటి వరుస నుంచి చివరి వరుస దాకా ఒక్కో గడినీ తడుముతూ పోతోంది, అదీ ఒకే థ్రెడ్ మీద. మిగతా కోర్లు నాలుగైనా పదహారైనా ప్రేక్షకులే. పక్కన బ్రౌజర్‌లో ఎప్పుడో తెరిచి మూయడానికి మనసొప్పని ట్యాబులు ర్యామ్‌ను అంగుళమంగుళం ఆక్రమిస్తున్నాయి. వీడియో సమావేశంలో ఎవరో ‘మీ మాట వినిపించడం లేదు’ అంటున్నారు. సరిగ్గా అప్పుడే యాంటీవైరస్‌కు కర్తవ్యం గుర్తొచ్చింది, మౌసు గుర్తు గుండ్రంగా తిరగడం మొదలైంది. ఈ నాటకంలో ఫలితాన్ని నిర్ణయించేవి ఒక్కో కోరు విడి వేగం, తగినంత ర్యామ్, హార్డ్‌డిస్కు స్థానంలో ఎస్‌ఎస్‌డీ. మొదటిదానిలో 12100 తనకన్నా రెండు మూడింతల ధర పలికే చిప్పులకు అంత వెనకేమీ లేదు. మిగిలిన రెండూ ప్రాసెసర్ పెట్టెలో రావు. ర్యామ్ నిండిపోయి డిస్కు మీద పేజీలు తిరగేస్తున్న యంత్రంలో ఏ మహారాజు చిప్పును కూర్చోబెట్టినా అదే చక్రం తిరుగుతుంది. ముంజేతి కంకణానికి అద్దం అక్కర్లేదంటారు గానీ, ఈ శాస్త్రంలో అద్దానికే మార్కులు వేస్తారు.

పేర్ల చివరి అక్షరాల గురించి నాలుగు మాటలు. ఇంటెల్ పేరులో ‘ఎఫ్’ ఉంటే చిప్పులో గ్రాఫిక్స్ ఉండవు. విడిగా కార్డు లేకపోతే తెర నల్లగా ఉంటుంది, ఆ నలుపును ఏ బెంచ్‌మార్కూ (వేగ పరీక్షా) కొలవదు. రైజెన్ 5 5600, 5500 పేర్లు అన్నదమ్ములవే, కోర్లూ సమానమే. ఒకదానికి 32 ఎంబీల ఎల్3 క్యాష్, పీసీఐఈ (ప్రాసెసర్‌కూ కార్డుకూ మధ్య రాకపోకల దారి) 4.0; రెండోదానికి 16 ఎంబీలు, పీసీఐఈ 3.0. ఇక్కడ ఒక చక్కని విధి వైపరీత్యం ఉంది. ఆర్‌ఎక్స్ 6500 ఎక్స్‌టీ అనే చౌక కార్డు మదర్‌బోర్డుతో ఆ దారిలోని నాలుగే లేన్ల మీద (వరుసల మీద) మాట్లాడుతుంది. దాని మెమరీ 4 జీబీలే కాబట్టి అది నిండగానే ఆ ఇరుకు దారి గుండా సిస్టమ్ ర్యామ్‌ను ఆశ్రయించాలి. పీసీఐఈ 4.0లో ఆ దారి సెకనుకు సుమారు 8 జీబీలు మోస్తుంది, 3.0లో అందులో సగం. అంటే ఆ చౌక కార్డు తట్టుకోలేని చిప్పు 5500 వంటి సాటి చౌక చిప్పే. ఈ ఇద్దరినీ ఒకే యంత్రంలో పెట్టి చూసినవారు అరుదు. ఆర్‌టీఎక్స్ 4090 వంటి ఖరీదైన కార్డుకు 24 జీబీల మెమరీ ఉండటం వల్ల దాని పక్కన ఈ గొడవ తలెత్తదు.

ర్యామ్ సంగతీ అంతే. సమీక్షలో రెండు ర్యామ్ పుల్లలు పెట్టి, ఎక్స్‌ఎంపీ (ర్యామ్‌ను దాని పెట్టె మీద రాసిన వేగంతో నడిపించే అమరిక) ఆన్ చేసి కొలుస్తారు. డీడీఆర్4-3200 పుల్ల ఒక్కటైతే సెకనుకు 25.6 జీబీలు, రెండైతే 51.2. విడి కార్డు లేకుండా రైజెన్ 5 5600జీ లోపలి గ్రాఫిక్స్‌తో ఆడుకునేవారికి ఈ సగానికి సగం తేడా ఆటకూ స్లైడ్‌షోకూ మధ్య తేడా. పొదుపు పేరిట ఒకే పుల్ల కొనేది కూడా సరిగ్గా వారే. బయోస్‌లో (యంత్రం మేల్కొనగానే నడిచే బోర్డు ప్రోగ్రాములో) ఎక్స్‌ఎంపీ మీట ఉందని ఎవరూ చెప్పనందున ఆ ఒక్క పుల్ల కూడా తన అసలు వేగం ఎన్నడూ ఎరగకుండానే సర్వీసు ముగిస్తుంది.

చివరగా భవిష్యత్తు. ఏఎండీ ఏఎం4 సాకెట్ (బోర్డు మీద ప్రాసెసర్ కూర్చునే పీట) మీద 2017లో తొలి రైజెన్ కూర్చుంది. 2022లో 96 ఎంబీల ఎల్3 క్యాష్‌తో 5800ఎక్స్3డీ కూడా అదే సాకెట్ మీదకు వచ్చింది. కాబట్టి బోర్డు మార్చకుండా ప్రాసెసర్ మార్చుకునే హక్కు కొనుగోలుదారుకు ఉండితీరాలని సమీక్షకులు గట్టిగా పోరాడుతారు, అది న్యాయమే. బోర్డు తయారీదారు బయోస్ నవీకరణ ఇచ్చి, ఆ నవీకరణ మధ్యలో కరెంటు పోకుండా ఉంటే ఆ హక్కు అమలవుతుంది. చౌక ప్రాసెసర్ కొన్నవారిలో అధికభాగం దాన్ని ఎన్నడూ మార్చరు. యంత్రం మొత్తం మూలపడ్డాక కొత్తది కొంటారు. వారి హక్కు మాత్రం అప్పటికీ చెక్కుచెదరదు.

తీర్పు విషయంలో శాస్త్రం ఏకగ్రీవం: ఈ ప్రాసెసర్ బాగుంది, కానీ ఇంకొంచెం పెడితే పైది వస్తుంది. నాలుగు కోర్లదాన్ని చూడబోయినవాడు ఆరు కోర్లకూ, ఆరు కోర్లవాడు కొత్త సాకెట్‌కూ, కొత్త సాకెట్‌వాడు దానికి తప్పనిసరైన డీడీఆర్5 ర్యామ్‌కూ, అది కొన్నవాడు ఇంత మంచి యంత్రానికి ఈ పాత తెర ఏమిటన్న ఆలోచనకూ చేరుకుంటాడు. అడుగడుగునా తేడా ‘కొంచెమే’. ఆటకు అసలు ప్రాణమైన గ్రాఫిక్స్ కార్డుకు ఈ యాత్ర ముగిశాక మిగిలినది కేటాయిస్తారు.

దీనికి ప్రత్యామ్నాయంగా ఒక పరీక్షా విధానాన్ని పరిశీలకుల ముందుంచుతున్నాను. 12100ఎఫ్‌ను దాని పెట్టెలో వచ్చిన ఫ్యానుతోనే బిగించాలి. దాని ధరకు తగిన మధ్యరకం కార్డు, 60 హెర్ట్జ్ తెర పెట్టాలి. లాంచర్లు, చాట్, ట్యాబులు, ప్రింటర్ ప్రోగ్రామ్ వేటినీ ఆపకూడదు. ఒక మనిషిని ముందు కూర్చోబెట్టి పగలు లెక్కల షీట్లు, రాత్రి ఆట అప్పగించి, ఎన్నిసార్లు విసుక్కున్నాడో లెక్కపెట్టాలి. మొదటి వారం తరువాత అతను ప్రాసెసర్ పేరు మరిచిపోయి ఎదుటి జట్టునూ నెట్‌వర్కునూ తిట్టుకోవడం మొదలుపెడితే చిప్పు ఉత్తీర్ణమైనట్టు. ఈ ప్రతిపాదనను ఒక సమీక్షక మిత్రుడికి వినిపించగా, ఆయన అంతా సావధానంగా విని, ఆ విసుగుకు ప్రమాణాంకం ఏమిటి, పట్టికలో గీత ఏ రంగులో వేయాలి అని అడిగారు.