గ్యాస్ బండ తేదీ పక్కనే నూనె తేదీ కూడా రాయండి

బరువు తగ్గాలని నిర్ణయించుకున్న ఇంట్లోకి ముందుగా వచ్చేవి కొత్త షూస్, ఓట్స్ ప్యాకెట్, గ్రీన్ టీ డబ్బా. అదే ఇంట్లో నెలకు ఎన్ని లీటర్ల నూనె అవుతుందని అడగండి, చాలామంది చెప్పలేరు. "అయిపోతే తెచ్చుకుంటామండీ" అంటారు. నా బాధంతా అక్కడే.

లావుగా ఉన్న మనిషిని "నీకు పట్టుదల లేదు, నోరు కట్టుకోలేవు" అనడానికి చుట్టాలందరూ సిద్ధంగా ఉంటారు. వంటింట్లో ఒక కొలత చెంచా పెట్టడానికి ఒక్కరూ ముందుకు రారు. ఏది ఎంత తింటున్నామో తెలియని ఇంట్లో పట్టుదల పదిహేను రోజులు కూడా నిలవదు. ఏం తగ్గించాలో తెలియక అన్నీ ఒకేసారి మానేస్తారు. ఆకలికి తట్టుకోలేక అన్నీ ఒకేసారి మళ్లీ మొదలుపెడతారు. తప్పు మనిషి మీద వేస్తారు.

గ్యాస్ బండ మార్చిన రోజు గోడ క్యాలెండర్ మీద రాసుకోవడం మనకు ఎప్పటినుంచో ఉన్న అలవాటు. నూనెకు కూడా అదే చేయండి. కొత్త ప్యాకెట్ కత్తిరించిన రోజు "నూ" అని రాయండి చాలు. నెల తిరిగేసరికి లెక్క మీ కళ్లముందే ఉంటుంది. లీటరు నూనె దాదాపు 910 గ్రాముల బరువు, గ్రాముకు 9 క్యాలరీలు. నలుగురున్న ఇంట్లో నెలకు 5 లీటర్లు అయితే మనిషికి రోజుకు 38 గ్రాములు, అంటే 340 క్యాలరీలు నూనెలోంచే. నెయ్యి, బయట తిన్న బజ్జీలు, షాపులో కొన్న మిక్చర్ ఇందులో లేవు. మన హైదరాబాద్‌లోనే ఉన్న జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన మార్గదర్శకాల్లో, 2000 క్యాలరీల రోజువారీ పళ్లెంలో నూనె, కొవ్వులు అన్నీ కలిపి 27 గ్రాములే. 5 లీటర్లను రెండున్నరకు తెస్తే ఒక్కొక్కరికి రోజుకు 170 క్యాలరీలు తగ్గుతాయి. కిలో కొవ్వు అంటే సుమారు 7700 క్యాలరీలు కాబట్టి, మిగతాదేదీ మార్చకపోయినా లెక్క ప్రకారం నెలకు అరకిలో పైనే.

అయితే ఒక్క రోజులో సగానికి కోస్తే కూర అడుగంటుతుంది, రుచి పోతుంది, మూడోరోజుకే ఇంట్లో గొడవ. మొదటి నెల 5 నుంచి 4కి, తర్వాతి నెల 3కి, ఆ తర్వాత రెండున్నరకు రండి. నాలుక అలవాటు పడటానికి ఆ టైమ్ కావాలి. నూనె క్యాన్ వంచి మూకుడులో పోయడం మానేసి, 5 మిల్లీలీటర్ల చెంచా క్యాన్ పక్కనే పెట్టుకోండి. అరకిలో కూరగాయలకు మూడు చెంచాలు సరిపోతాయి. బీరకాయ, సొరకాయ, దోసకాయల్లో నీరు బోలెడు ఉంటుంది, తాలింపుకు రెండు చెంచాలే ఎక్కువ. వేపుళ్లతోనే అసలు చిక్కు. దొండకాయ, బంగాళదుంప, చేమదుంప పచ్చిగా నూనెలో వేస్తే అవి ఉడకడానికి పట్టే అరగంటా నూనె పోస్తూనే ఉండాలి. ముందు ఉప్పేసి, గుప్పెడు నీళ్లు చల్లి, మూతపెట్టి ముప్పావు వంతు మగ్గనివ్వండి. నీరంతా ఇగిరాక మూత తీసి, రెండు చెంచాల నూనె వేసి, మంట కొంచెం పెంచి కదపండి. అంచులు ఎర్రబడతాయి, కారం పట్టుకుంటుంది, వేపుడు వేపుడులాగే ఉంటుంది. నీరు పోకముందే నూనె వేస్తే మాత్రం ముద్దవుతుంది, అప్పుడు "నూనె తగ్గిస్తే ఇంతే" అంటారు. ఆవకాయ వేసుకునేటప్పుడు ముక్కని జాడీ అంచుకు నొక్కి నూనె వార్చుకోండి.

ఇక అన్నం. అన్నాన్ని శత్రువును చేసినవాళ్లంటే నాకు కోపం. మన భోజనం నడిచే తీరు చూడండి. పప్పులోకి రెండు గరిటెలు, కూరలోకి ఒకటిన్నర, చారులోకి ఒకటి, చివర పెరుగులోకి ఇంకో ఒకటిన్నర. ప్రతి వరసకూ గిన్నె దగ్గరే ఉంటుంది, ప్రతి వరసకూ కొత్తగా పెట్టుకుంటాం. ఎంత తిన్నామో ఎవరికీ గుర్తుండదు. రైస్ కుక్కర్‌తో వచ్చే కప్పు 180 మిల్లీలీటర్లది. అందులో దాదాపు 150 గ్రాముల బియ్యం పడతాయి, సుమారు 520 క్యాలరీలు. మధ్యాహ్నం నలుగురికి రెండు కప్పులు వండితే మనిషికి 260 వస్తాయి. అదే ఒక్కొక్కరికి ఒక కప్పు చొప్పున వండే ఇళ్లు ఎన్ని లేవు?

అందుకని అన్నమంతా మొదటే కంచంలో పెట్టేసుకోండి. వేలితో మూడు భాగాలు చేసుకోండి: పప్పుకు, కూరకు, పెరుగుకు. అన్నం గిన్నె తిరిగి పొయ్యి గట్టు మీదకు పోవాలి. చారు గ్లాసులో పోసుకుని తాగండి. పెరుగన్నం లేనిదే భోజనం చేసినట్టుండదు అనేవాళ్లు నాలుగు ముద్దల పెరుగన్నం తినండి, మానేయకండి. తగ్గించిన అన్నం చోట్లో కూర రెట్టింపు పెట్టుకోవాలి, ఇది మరిచిపోతేనే అంతా పాడవుతుంది. అన్నం తగ్గించి, కూర అదే రెండు చెంచాలు పెట్టుకున్నవాళ్లకు సాయంత్రం నాలుగున్నరకు కళ్లు తిరుగుతాయి. అప్పుడు బండి దగ్గర మిరపకాయ బజ్జీలు.

పప్పు పలచనైపోవడం ఇంకో సంగతి. నలుగురికి 50 గ్రాముల కందిపప్పు వేసి నీళ్లు పోసి సాగదీస్తే మనిషికి మూడు గ్రాముల ప్రోటీన్ కూడా రాదు. మనిషికి 40 గ్రాముల పచ్చి పప్పు చొప్పున గట్టిగా చేస్తే 9 వస్తాయి. రెండు గుడ్లకు 12, పావుకిలో పెరుగుకు 8, వంద గ్రాముల చేపకో చికెన్‌కో 20, గుప్పెడు శనగలు నానబెట్టి ఉడికించుకుంటే 6. బరువు తగ్గేటప్పుడు కిలో శరీర బరువుకు ఒక గ్రాము పైన ప్రోటీన్ అందకపోతే కొవ్వుతో పాటు కండ కూడా కరుగుతుంది. నెలన్నరలో పది కిలోలు తగ్గినవాళ్ల ముఖం పీక్కుపోవడం, రెండు మూడు నెలల తర్వాత జుట్టు గుప్పెళ్లకొద్దీ ఊడటం, పిత్తాశయంలో రాళ్లు రావడం ఈ తొందర వల్లే. వారానికి అరకిలో చాలు. 80 కిలోల మనిషి మూడు నెలల్లో 4 కిలోలు తగ్గి, ఆ 4 కిలోలూ తిరిగి రాకుండా చూసుకున్నా షుగర్‌లో, బీపీలో తేడా కనిపిస్తుంది. కిడ్నీ సమస్య ఉన్నవాళ్లు మాత్రం ప్రోటీన్ సంగతి డాక్టర్ని అడగకుండా పెంచకూడదు.

కొర్రలు, సామలు, అండుకొర్రలు మంచివే, పీచు ఎక్కువ. కానీ క్యాలరీల్లో బియ్యానికి దాదాపు సమానం, కంచం నిండా తింటే ఫలితం కూడా సమానమే. బెల్లం వేసిన రాగి జావా అంతే. చక్కెరకు, బెల్లానికి బరువు విషయంలో తేడా లేదు.

కొన్నేళ్ల కింద రెండు రాష్ట్రాల్లో కొబ్బరినూనె డైట్లు ఊపేశాయి, ఇప్పుడూ ఏదో ఒక పేరుతో తిరుగుతూనే ఉన్నాయి. మొదటి వారంలో మూడు కిలోలు తగ్గామని చెప్పడం నిజమే, అందులో ఎక్కువ భాగం నీళ్లు. ఒంట్లో నిల్వ ఉన్న పిండిపదార్థం ఖర్చయిపోతూ తనతో పట్టుకున్న నీటిని వదిలేస్తుంది. మళ్లీ అన్నం ముట్టుకోగానే రెండు కిలోలు తిరిగొస్తాయి. ఇంతకంటే భయం వేరే ఉంది. గ్లిమెపిరైడ్ మాత్రో, ఇన్సులినో వాడుతూ అన్నం ఒక్కసారిగా మానేస్తే షుగర్ పడిపోయి మనిషి కుప్పకూలిపోవచ్చు. డాపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్ అనే షుగర్ మాత్రలు వాడుతూ పిండిపదార్థం పూర్తిగా ఆపితే రక్తంలో కీటోన్లు, అంటే కొవ్వు కరిగేటప్పుడు పుట్టే ఆమ్లాలు, ప్రమాదకరంగా పెరగొచ్చు. మాత్రలు వేసుకునేవాళ్లు తిండి మార్చే ముందు మందుల చీటీ పట్టుకుని డాక్టర్ దగ్గరికి వెళ్లండి, తర్వాత కాదు.

నడక గురించి ఒక్క మాట. అరగంట వేగంగా నడిస్తే 120, 150 క్యాలరీలు ఖర్చవుతాయి. పార్కు గేటు బయట రెండు వడలు తింటే అదంతా తిరిగొచ్చేస్తుంది. నడక గుండెకు, షుగర్‌కు, నిద్రకు మేలు చేస్తుంది, మానకండి. దానికి తోడు వారంలో మూడు రోజులు కుర్చీలోంచి చేతులు ఆనించకుండా పదిహేనేసి సార్లు లేచి కూర్చోవడం, గోడకు చేతులానించి తోయడం చేయండి. కండ నిలబడేది వీటితో.

బరువు ఎప్పుడూ అదే మిషన్ మీద, ఉదయం, బాత్‌రూమ్‌కు వెళ్లొచ్చాక, కాఫీ తాగకముందు చూసుకోండి. ఆదివారం బిర్యానీ, ఊరగాయ తిన్న మర్నాడు కిలో పెరిగినట్టు కనిపిస్తే అది ఉప్పు పట్టుకున్న నీరు. నెలసరి ముందు ఆడవాళ్లకు కూడా ఇలాగే ఉంటుంది. ఏడు రోజుల సగటు రాసుకోండి, దాన్నే పోల్చుకోండి. నడుము కొలత కూడా తీసుకోండి, బొడ్డు దగ్గర టేపు పెట్టి, ఊపిరి బిగబట్టకుండా. మగవాళ్లకు 90 సెంటీమీటర్లు, ఆడవాళ్లకు 80 దాటితే మనవాళ్లకు జాగ్రత్త అవసరం. రెండు నెలలకు ముల్లు కదలడం ఆగితే కంగారుపడి భోజనం మానేయకండి. క్యాలెండర్ దగ్గరికి వెళ్లండి. నూ, నూ మధ్య రోజులు మళ్లీ తగ్గిపోయి ఉంటాయి.

ఆడవాళ్ల గురించి చెప్పకుండా ముగించలేను. "థైరాయిడ్ వల్ల లావయ్యాను" అని చాలామంది సరిపెట్టుకుంటారు. థైరాయిడ్ తక్కువైతే పెరిగేది సాధారణంగా కొద్ది కిలోలే, అందులోనూ చాలావరకు ఉప్పు, నీరే. మాత్ర సరిగ్గా వేసుకుంటే అది దారికొస్తుంది. లెక్కలోకి రానిది ఇంకోటుంది. అందరూ తిన్నాక తినే అమ్మ తన కంచంతో పాటు పిల్లాడు వదిలేసిన అరట్టు, అడుగున మిగిలిన రెండు గరిటెల అన్నం, పారేయలేని వేపుడు కూడా తింటుంది. రోజూ మూడు వందల క్యాలరీలు అలా చేరుతున్నా ఆమెను ఎవరూ అడగరు, ఆమెకే గుర్తుండదు. ఆపైన తన కోసం వేరే వంట, మిగతావాళ్లకు మామూలు వంట చేయమంటే ఎన్నాళ్లు చేస్తుంది? నూనె తగ్గిన కూర ఇంటిల్లిపాదీ తినాలి. వడ్డించకముందే మిగిలేది స్టీలు డబ్బాలోకి తీసి ఫ్రిజ్‌లో పెట్టాలి. ఆ డబ్బా సర్దే పని ఇంట్లో ఇంకెవరైనా తీసుకోవాలి.