గైడ్ సంతకం దొరకని విద్యార్థి

ఎంబీబీఎస్, బీడీఎస్ విద్యార్థులకు చదువుకునే రోజుల్లోనే పరిశోధన రుచి చూపించాలని భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) 1979లో ఒక స్టూడెంట్‌షిప్ మొదలుపెట్టింది. విద్యార్థి ఒక చిన్న ప్రశ్న ఎంచుకుని, రెండు నెలలు దాని మీద పనిచేసి నివేదిక ఇవ్వాలి. ఇంత మంచి పథకంలో చేరాలంటే మొదటి మెట్టు ఒక సంతకం. సొంత కాలేజీలో పూర్తికాలం పనిచేసే అధ్యాపకుడెవరో ఒకరు గైడ్‌గా ఉంటానని ఒప్పుకోవాలి.

ఆ సంతకం ఎవరికి సులువుగా దొరుకుతుందో కాలేజీల్లో ఎవరినడిగినా చెబుతారు. అమ్మానాన్నలు డాక్టర్లయిన పిల్లలకు ఫస్టియర్‌లోనే ఈ పథకం సంగతి తెలుస్తుంది. ప్రపోజల్ ఎలా రాయాలో ఇంట్లోనే నేర్చుకుంటారు. గురుకులంలో చదివి, ఒక ఏడాది లాంగ్ టర్మ్ కోచింగ్ తీసుకుని, కన్వీనర్ కోటాలో సీటు తెచ్చుకుని, తండాలో తొలి డాక్టర్ కాబోతున్న అమ్మాయి పరిస్థితి వేరు. ఆమెకు ఈ కబురు వాట్సాప్ గ్రూపులో గడువుకు వారం ముందు చేరుతుంది. ప్రొఫెసర్ గది బయట నిలబడి, లోపలికెళ్లి ఏమని అడగాలో తెలియక వెనక్కి వస్తుంది. మార్కులు తక్కువై కాదు, అడిగే అలవాటు ఎవరూ నేర్పక.

రిజర్వేషన్లు, గురుకులాలు, జిల్లాకో మెడికల్ కాలేజీ. వీటి వల్ల తలుపు తెరుచుకుంది. ఆసిఫాబాద్‌లో, ములుగులో, పాడేరులో ఇవాళ ప్రభుత్వ వైద్య కళాశాలలు ఉన్నాయంటే అది చిన్న మార్పు కాదు. ఆ మార్పును మనస్ఫూర్తిగా మెచ్చుకుంటూనే అడుగుతున్నాం: సీటు ఇచ్చాక ఆ పిల్లల చెయ్యి పట్టుకునేదెవరు? కొత్త కాలేజీల్లో అధ్యాపకుల కొరత ఎలా ఉందో తెలిసిందే. సొంత కాలేజీలోనే గైడ్‌ని వెతుక్కోవాలన్న నిబంధన అక్కడి విద్యార్థులకే ఎక్కువ అడ్డంకి.

రెండో అడ్డంకి డబ్బు. ఈ పథకంలో స్టైపెండ్ వచ్చేది పని పూర్తయి, నివేదిక ఆమోదం పొందాక. అప్పటిదాకా ఊళ్లు తిరగడానికి బస్సు చార్జీలు, తిండి, ప్రింటవుట్లు, అన్నీ విద్యార్థి జేబులోంచే. సెలవుల్లో ఇంటికెళ్లి మిరప చేలో అమ్మకు సాయపడాల్సిన పిల్లాడికి అది మోయలేని భారం.

మన శాస్త్రవేత్త యల్లాప్రగడ సుబ్బారావు గారు ఫోలిక్ యాసిడ్, క్యాన్సర్ మందు మెథోట్రెక్సేట్ దాకా వెళ్లారని గర్వంగా చెప్పుకుంటాం. ఆయన అమెరికా చదువుకు కాకినాడలోని మల్లాడి సత్యలింగం నాయకర్ చారిటీస్ అండగా నిలిచింది. అయినా బోస్టన్‌లో ఆసుపత్రి కొలువు చేసుకుంటూ చదవాల్సి వచ్చింది. అంతటి ప్రతిభకే సరైన సమయంలో చేతిలో డబ్బు అంత అవసరమైంది.

‘ముందు మంచి డాక్టర్లు కానివ్వండి, పరిశోధన తర్వాత చూద్దాం’ అనేవాళ్లున్నారు. పీజీ సీటు నీట్ ర్యాంకు మీదే వస్తుంది, పరిశోధనకు అందులో ఒక్క మార్కు లేదు. అందుకే పేదింటి విద్యార్థి కూడా ‘నాకెందుకీ టెన్షన్’ అనుకుంటాడు. అమెరికాలో రెసిడెన్సీ (పీజీ శిక్షణ) కోరుకునేవాళ్లకు మాత్రం పరిశోధన పేపర్లు పనికొస్తాయి కాబట్టి వాళ్లు వెంటపడి చేస్తారు. దేశం దాటిపోవాలనుకునేవాళ్లకే ఇక్కడ పరిశోధన అలవాటవుతోంది. ఇది మాకు నిజంగా బాధ కలిగించే విషయం.

శ్రీకాకుళం జిల్లా ఉద్దానాన్నే తీసుకోండి. కవిటి, సోంపేట, కంచిలి, వజ్రపుకొత్తూరు పల్లెల్లో కిడ్నీలు ఎందుకు పాడవుతున్నాయో ఇన్నేళ్ల తర్వాత కూడా తేలలేదు. అక్కడ సర్వేకు వెళ్లి ‘రోజుకు ఎన్ని లీటర్ల నీళ్లు తాగుతారు’ అని అడిగితే సరైన జవాబు రాదు. జీడితోటలో పనిచేసే మనిషి నీళ్లను లీటర్లలో లెక్కపెట్టడు. ఆ ఊరి పిల్లయితే తోటకు తీసుకెళ్లే సీసా ఎంతదో చూస్తుంది, మధ్యలో మళ్లీ నింపుకున్నారా అని అడుగుతుంది. ఒళ్లు నొప్పులకు ఆర్‌ఎంపీ దగ్గర ఏ బిళ్ల తెచ్చుకుంటారో, వారానికి ఎన్ని మింగుతారో కూడా ఆమెకైతే దాచకుండా చెబుతారు. ఏ పాఠ్యపుస్తకమూ నేర్పని నైపుణ్యం ఇది. ఏజెన్సీలో సికిల్ సెల్ అనే వంశపారంపర్య రక్తపు జబ్బు పరీక్షలదీ ఇదే కథ. 2047 నాటికి ఆ జబ్బును నిర్మూలించాలని 2023 జులైలో కేంద్రం జాతీయ మిషన్ ప్రారంభించింది. రక్తం ఇవ్వడానికి జనం ఎందుకు వెనకాడుతున్నారో కనుక్కోవాలంటే వాళ్ల భాష వచ్చిన డాక్టర్ కావాలి.

అమెరికాలో ఈ సంగతి ముందే గ్రహించారు. నల్లజాతి, ఇతర అల్పసంఖ్యాక విద్యార్థులను వైద్య విద్యకు సిద్ధం చేసే వేసవి శిక్షణను రాబర్ట్ వుడ్ జాన్సన్ ఫౌండేషన్ 1988లో ప్రారంభించింది. పేరు మారినా ఆ శిక్షణ కొనసాగుతూ వచ్చింది. వసతి, భోజనం, స్టైపెండ్ అన్నీ వాళ్లే చూసుకునేవారు. అదే దేశంలో 2025లో జాతీయ ఆరోగ్య సంస్థ (ఎన్‌ఐహెచ్) తన వేసవి ఇంటర్న్‌షిప్‌ను రద్దు చేసింది. ఇలాంటి ఏర్పాటును పెంచి పోషించడానికి ఏళ్లు పడుతుంది, ఆపేయడానికి ఒక ఉత్తర్వు చాలు.

మనకు కావలసినవన్నీ దగ్గర్లోనే ఉన్నాయి. హైదరాబాద్ తార్నాకలో జాతీయ పోషకాహార సంస్థ, కాస్త దూరంలో కణ, అణు జీవశాస్త్ర పరిశోధన సంస్థ సీసీఎంబీ, పలాసలో 2023 డిసెంబరులో ప్రారంభమైన కిడ్నీ పరిశోధన కేంద్రం. 2019లో వచ్చిన ఎంబీబీఎస్ పాఠ్యప్రణాళిక ఎలక్టివ్స్‌కు (విద్యార్థి తనకు నచ్చి ఎంచుకునే అంశాలకు) విడిగా సమయం ఇచ్చింది, దాన్ని పరిశోధనకూ వాడుకోవచ్చు. విజయవాడలోని ఎన్టీఆర్, వరంగల్‌లోని కాళోజీ ఆరోగ్య విశ్వవిద్యాలయాలు పూనుకుని, తమ ఇంట్లో తొలిసారి వైద్యం చదువుతున్నవారిని, గిరిజన, దళిత, వెనుకబడిన వర్గాల విద్యార్థులను ఎంపిక చేసి ఈ సంస్థలకు రెండు నెలలు పంపాలి. స్టైపెండ్ మొదటి రోజునే ఖాతాలో పడాలి, హాస్టల్ గది సిద్ధంగా ఉండాలి. గైడ్‌ని విద్యార్థి వెతుక్కోవడం కాదు, విశ్వవిద్యాలయమే కేటాయించాలి. అలా సమయం ఇచ్చే అధ్యాపకులకు పదోన్నతుల్లో గుర్తింపు ఉండాలి. లేకపోతే పని ఒత్తిడిలో ఉన్న ప్రొఫెసర్‌ను తప్పుపట్టలేం.

ఐసీఎంఆర్ కూడా తన నిబంధనను సవరించి, కొత్త కాలేజీల విద్యార్థులు పక్క జిల్లా పాత కాలేజీలోని అధ్యాపకుడిని గైడ్‌గా పెట్టుకునే వీలు కల్పించాలి. రెండు రాష్ట్రాల ఆరోగ్య మంత్రులు వచ్చే వేసవికి ముందే ఈ విషయమై ఢిల్లీకి లేఖ రాయాలని కోరుతున్నాం.