ఫ్రెంచ్ క్లాసులో వార్తలెందుకంటారా?

ఒడిశాలోని మన బరంపురం తెలుగు గ్రూపుల్లో కొన్నాళ్లుగా ఒక వాయిస్ మెసేజ్ తిరుగుతోంది. అటు పర్లాకిమిడి, ఇటు రాయగడ, ఎవరిని కదిపినా "మాకూ వచ్చింది" అంటున్నారు. ఇక్కడి మన పిల్లల్లో చాలామందికి తెలుగు మాట్లాడటమే గానీ చదవడం రాదు. అందుకే పుకారైనా సలహా అయినా గొంతు మీదే ప్రయాణం చేస్తుంది.

అందులో మాట్లాడిన పెద్దమనిషి చెప్పేది ఇదీ. ఫ్రెంచ్ ట్యూషన్లలో టీచర్లు వెబ్‌సైట్లు చూపిస్తూ, ఈమెయిళ్లు రాయిస్తూ, ఏది నిజం వార్తో ఏది అబద్ధమో అంటూ కాలక్షేపం చేస్తున్నారు. పరీక్షలో ఇవేవీ రావు. ఫోను సంగతి ఈ కాలం పిల్లలకు ఒకరు నేర్పక్కర్లేదు. అర్థం కాకపోతే ట్రాన్స్‌లేట్ యాప్ ఉంది. కొత్తగా చేరినవాళ్లకు ఇదంతా మోయలేని బరువు. అయినా ఫ్రాన్సులో ఏం జరిగితే మనకేంటి? మనం ఫీజు కడుతున్నది గ్రామర్‌కి.

నేను ఈ ఊళ్లోనే సాయంత్రాలు ఫ్రెంచ్ చెబుతాను. అంటే ఆ తిట్లలో నా వాటా కూడా ఉంది. మొన్న ఒక విద్యార్థిని తండ్రి ఎదురుపడి, "ఏటి మాస్టారూ, మా పిల్లకి పేపర్లు చదివిస్తన్నారట?" అన్నారు. ఆయన వాడిన ఆ "ట" గుర్తుపెట్టుకోండి, దాంతో పనుంది.

ముందు పరీక్ష సంగతి. ఇది తేలిగ్గా తేలిపోతుంది. మన పిల్లలు రాసే డెల్ఫ్ అనే ఫ్రెంచ్ అర్హత పరీక్షలో, ఏ2 అనే రెండో స్థాయికే ఎవరో పంపిన మెసేజ్‌కి జవాబు రాయమంటారు. బీ2 అనే నాలుగో స్థాయికి వస్తే కనీసం 250 పదాల్లో ఒక విషయం మీద వాదించి రాయాలి. మౌఖికంలో చిన్న వ్యాసం ఒకటి చేతికిచ్చి, అందులోని సమస్య ఏమిటో చెప్పి నీ అభిప్రాయం నిలబెట్టుకో అంటారు. ఆ వ్యాసం ఎవరు రాశారు, ఏది సమాచారం, ఏది అభిప్రాయం అని విడదీయలేని పిల్ల అక్కడ ఏం నిలబెడుతుంది? ఈ పరీక్షలకు ఆధారం కౌన్సిల్ ఆఫ్ యూరప్ 2001లో తెచ్చిన భాషా ప్రమాణాలు. వాటికి 2018లో అనుబంధం తెచ్చి, 2020లో ఖరారు చేశారు. అందులో ఆన్‌లైన్ సంభాషణకు విడిగా కొలమానాలే పెట్టారు. సిలబస్‌లో లేనిది మేం కల్పించలేదు.

పిల్లలకు ఫోను పుట్టుకతోనే వచ్చనే మాట నిజమే, వేళ్లవరకు. రీల్ చేయడం నాకంటే వాళ్లకే బాగా వచ్చు. కానీ ఇంటర్ చదివే కుర్రాడొకడు ప్రవేశాల గురించి అడుగుతూ ఒక ఫ్రెంచ్ ప్రొఫెసర్‌కు మెయిల్ రాసి, పంపేముందు నాకు చూపించాడు. "ఎస్-ఎల్-టీ" అనే మూడక్షరాలతో మొదలుపెట్టాడు. అది "సాల్యూ"కి పొట్టి రూపం, మన "హాయ్ రా" లాంటిది. మధ్యలో అంతా "త్యూ", అంటే నువ్వు. చివర "బిజూ", అంటే ముద్దులు! అడిగితే, ఇన్‌స్టాలో ఫ్రెంచ్ వాళ్లు అలాగే రాసుకుంటున్నారు సార్ అన్నాడు. అబద్ధం కాదు. స్నేహితులు అలాగే రాసుకుంటారు. ఇంట్లో నువ్వు, మీరు. బళ్లో ఒడియాలో తూ, తుమే, ఆపణ అని మూడు మెట్లు ఎక్కిదిగే పిల్లవాడు తెరమీదకి వచ్చేసరికి మెట్లన్నీ మరిచిపోయాడు. పెద్దవాళ్లకు "వూ", అంటే మీరు, అనాలని, చివర మన "భవదీయుడు" లాంటి "కోర్ద్యాల్మాఁ" అని ముగిస్తే సరిపోతుందని ఎవరో ఒకరు చెప్పాలి కదా.

ఇంకోసారి ఒక అమ్మాయి "లె గొరాఫీ" నుంచి వార్త తెచ్చి క్లాసులో గంభీరంగా చదివింది. అది 2012లో మొదలైన వ్యంగ్య సైటు. "లె ఫిగారో" అనే పెద్ద పత్రిక పేరులో అక్షరాలు అటూ ఇటూ చేసి ఆ పేరు పెట్టుకున్నారు. ఆ అమ్మాయిని నేనేమీ అనలేదు. 2014లో ఫ్రాన్స్ మాజీ మంత్రి క్రిస్టీన్ బుటాఁ కూడా టీవీలో అదే సైటును నిజం పత్రికలా ఉటంకించి నవ్వులపాలయ్యారు. మాతృభాషవాళ్లే పడిన గోతిలో మనవాళ్లు పడితే వింతేముంది?

ఇక ట్రాన్స్‌లేట్ యాప్. ఇక్కడే నాకు అసలు పేచీ.

బోర్డు మీద ఒక వాక్యం రాస్తాను: "లె మినిస్త్ర్ ఒరే దెమిస్యొనే." "ఒరే" అనగానే క్లాసంతా ఒకటే నవ్వు, ఎవరినో పిలిచినట్టు. నవ్వడం అయ్యాక అర్థం అడుగుతాను. పుస్తకంలో కండిషనల్ పాఠం ("అలా అయితే ఇలా జరిగేది" అనే రూపం) చదివినవాళ్లు "మంత్రి రాజీనామా చేసి ఉండేవాడు" అంటారు. తప్పు. వార్తల్లో ఆ క్రియారూపానికి అర్థం వేరు: మంత్రి రాజీనామా చేశారట. అంటే పత్రిక పూచీ పడటం లేదు, ఎవరో చెప్పింది మోసుకొస్తోంది, అంతే. "ఆ దెమిస్యొనే" అని రాస్తే చేశారు. "ఒరే దెమిస్యొనే" అని రాస్తే చేశారట. తేడా ఒక్క సహాయక్రియలో ఉంది. ఆ ఒక్కటి జారిపోతే పుకారు వార్త అయిపోతుంది.

ఇంగ్లీషువాడికి ఇది వివరించాలంటే చాలా మాటలు కావాలి. మనకు ఒక్క అక్షరం చాలు. మన అమ్మమ్మలు ఎన్నడూ "ట" లేకుండా ఊరి కబురు చెప్పలేదు. ఒడియాలో "కుఆడే" కూడా ఇంచుమించు ఇదే పని చేస్తుంది. పిల్లలకు ఇంట్లోనే ఉన్న ఆస్తి ఇది. నేను చేస్తున్నదల్లా దాన్ని ఫ్రెంచ్‌లో గుర్తుపట్టించడమే. యాప్‌లు బాగా మెరుగయ్యాయి, ఒప్పుకుంటాను. చాలాసార్లు ఈ "ట"ని పట్టుకుంటాయి కూడా. పట్టుకోని రోజున అది పట్టుకోలేదని తెలియాలంటే, పక్కనున్న మనిషికి ఫ్రెంచ్ రావాలి. అంతెందుకు, "నేను సంతోషంగా ఉన్నాను" అనే మన వాక్యంలో రాసేది ఆడో మగో లేదు. ఫ్రెంచ్‌లో "కొంతాఁ" అనాలా, "కొంతాఁత్" అనాలా తేలాలి. యంత్రం ఎవరిని అడుగుతుంది?

మొదటి ఏడాది పిల్లలకు బరువన్నది కూడా వినడానికి నిజమనిపించే మాటే, నిజంగా ఏం చేయిస్తామో చూడకపోతే. వాళ్లతో నేను సంపాదకీయాలు చదివించను. ఒక పేజీ చూపించి తేదీ ఎక్కడుంది, పేరు ఎక్కడుంది, ఫొటో ఎవరు తీశారు అని అడుగుతాను. ఎవరు, ఎప్పుడు, ఎక్కడ: "కీ, కాఁ, ఊ". మొదటి నెల పాఠమే అది. చెవికి ఫ్రాన్స్ అంతర్జాతీయ రేడియో ఆర్‌ఎఫ్‌ఐవాళ్ల సులభ ఫ్రెంచ్ వార్తలున్నాయి, పది నిమిషాలు, చదువుకోవడానికి రాతలో కూడా. ఫ్రాన్సులో బడిపిల్లలకు వార్తలను ఇలా చూసి అర్థం చేసుకోవడం నేర్పడానికి 1983లోనే "క్లెమీ" అనే ప్రభుత్వ సంస్థ పెట్టారు. అప్పటికి స్మార్ట్‌ఫోను ఊసే లేదు.

ఫ్రాన్సులో ఏం జరిగితే మనకేంటి? 2023 జూన్ చివర పారిస్ పక్కన నాంతేర్‌లో పోలీసు కాల్పుల్లో ఒక కుర్రాడు చనిపోయాక అల్లర్లు రేగాయి. పార్కింగ్ భవనం మీంచి కార్లు కిందపడుతున్న వీడియో ఆ అల్లర్లదేనంటూ ప్రపంచమంతా తిరిగింది. మా క్లాసు గ్రూపులోకీ వచ్చింది. అది అంతకు కొన్నేళ్ల ముందు అమెరికాలోని క్లీవ్‌లాండ్‌లో తీసిన సినిమా షూటింగ్. మనకేంటి అనుకున్నవాళ్లే దాన్ని పది గ్రూపులకు పంపారు.

అంతకంటే దగ్గరి సంగతి. గంజాం జిల్లాలో సూరత్‌లో ఒకరు, గల్ఫ్‌లో ఒకరు లేని వీధి అరుదు. ఇప్పుడు కెనడా మోజు. ఇందాకటి తండ్రే ఈ మధ్య కూతురికి వచ్చిన ఫ్రెంచ్ ఆఫర్ లెటర్ పట్టుకొచ్చారు. మాంట్రియల్‌లో హోటల్ ఉద్యోగం, ఏజెంటు ద్వారా. కింద "ఫ్రె ద దోసియే", అంటే దరఖాస్తు ఖర్చుల పేరుతో డబ్బు కట్టమని ఉంది, యూపీఐలో! ఆ అమ్మాయినే చదవమన్నాను. "మీరు ఎంపికయ్యారు" అనే చోట "సెలెక్స్యొనే" చివర ఉండాల్సిన అక్షరాలకు బదులు, క్రియ మూలరూపం రాసి ఉందని పట్టేసింది. మాస్టారి గ్రామర్ పనికొచ్చింది కదా అని తండ్రి సంతోషించారు. నేను ఆపాను. ఆ తప్పు ఫ్రెంచ్ వాళ్లూ రోజూ చేస్తారు. పైగా ఇప్పుడు మోసగాళ్లు తప్పుల్లేని ఫ్రెంచ్ ఏఐతో రాయించుకోగలరు. మరి ఎక్కడ చూడాలి? మెయిల్ అడ్రస్ ఆ హోటల్‌ది కాదు, ఉచిత జీమెయిల్. ఇలాంటిదాన్ని ఫ్రెంచ్‌లో "అమెసొనాజ్" అంటారు. "అమెసోఁ" అంటే గాలం.

అమ్మాయి అక్కడే కూర్చుని, హోటల్ సొంత వెబ్‌సైటులో ఉన్న చిరునామాకు నాలుగు లైన్లు ఫ్రెంచ్‌లో రాసింది: ఈ ఉత్తరం మీరు పంపిందేనా? అన్నీ "వూ"లే, చివర "కోర్ద్యాల్మాఁ". జవాబు రావడానికి ఆరు రోజులు పట్టింది. ఈలోగా ఏజెంటు నాలుగుసార్లు ఫోన్ చేశాడు. తండ్రి ప్రతిసారీ, "మా పిల్ల ఇంకా చదువుతోందండి" అని పెట్టేశారు.