‘ఎందుకైనా మంచిది’ గారికి బహిరంగ లేఖ

విత్తనం కొలిచేటప్పుడల్లా రైతు నోట పలికి ఇంకాస్త పోయించే మహారాజశ్రీ ‘ఎందుకైనా మంచిది’ గారికి నమస్కరించి వ్రాయునది. ఉభయకుశలోపరి. మడి ఒక్కటే క్షేమంగా లేదు.

మొలకెత్తిన వడ్లను మడిలో వరసగా రాల్చే డ్రమ్ సీడర్‌కు ఎకరానికి 10 కిలోలు చాలన్న సన్న వడ్లు తమరి దయవల్ల 20 అయినయి. ఇప్పుడు అచ్చం నారుమడే, పీకి ఇంకో మడిలో నాటుకోవచ్చు. నాట్ల కూలి తప్పుతుందనే కదా ఈ డ్రమ్ములు లాగింది!

సన్న రకం తెలంగాణ సోనా వెయ్యి గింజలు తూస్తే 13 గ్రాములకు అటూ ఇటూ. దొడ్డు రకం 1010 అయితే 23 దాకా తూగుతాయి. అంటే అదే కిలోలో సోనా గింజలు దగ్గర దగ్గర రెట్టింపు. తమరు మాత్రం దొడ్డు వడ్ల కొలతే పట్టుకుని, పైన ఇంకో పిడికెడు.

‘మొలవకపోతే?’ అంటారు. తడి గోనెపట్టాలో 100 గింజలు చుట్టి మొలకలు లెక్కపెట్టండి. ఉండాల్సింది 80. అరవైయే వస్తే 10 కిలోలకు బదులు 13 పైచిలుకు. పిడికెళ్లతో పనేముంది?

అసలు మంట ఇక్కడ. మడి చదునుగా లేక పల్లంలో నీళ్లు నిలిస్తే, 10 పోసినా 20 పోసినా అక్కడి మొలక కుళ్లేదే. తమరి అదనమంతా బాగా మొలిచే మెరక మీదే లేస్తుంది. బోసి చోట బోసే, ఒత్తు చోట చాపే. ముక్కు పగలగానే మండె (నానబెట్టి మొలకకు కట్టిన వడ్ల మూట) విప్పకపోతే వేర్లు అల్లుకుని డ్రమ్ము రంధ్రాల్లోంచి గింజ రాలదు. డ్రమ్ము మూడింట రెండు వంతులకు మించి నింపినా అంతే. దీనికీ తమరి మందు మరో నాలుగు కిలోలే! ఒత్తయితే పిలకలు రావు, కాడ సన్నబడి ఈనినాక పడిపోతుంది, మొదళ్లలో గాలాడక సుడిదోమ కాపురం పెడుతుంది.

పాలమూరు జొన్న దగ్గర మాత్రం తమరికి ఒక దండం. ఆలస్యంగా విత్తితే మొవ్వు ఈగ తన వాటా తీసుకోక మానదు, జడ్డిగంలో (గొర్రుకు కట్టి విత్తనం వేసే గిన్నెలో) కాస్త ఎక్కువ పడటం తెలివే. కానీ రెండు వారాలకు మిగిలినవి 15 సెంటీమీటర్లకొకటి ఉంచి పలచన చేద్దామంటే ‘పచ్చగున్నది పీకుతమా’ అని అడ్డం పడేదీ తమరే.

యాసంగికి రండి, గట్టు మీద కూసోండి, చాయ్ తాగండి. డ్రమ్ము మూత మీద చెయ్యి పడ్డదంటే గారు గీరు జాన్తా నై.