డ్వాక్రా డబ్బు ఎవరూ ఊరికే ఇవ్వలేదు

వారం రోజుల్నుంచి వాట్సాప్‌లో ఒక మెసేజ్ తెగ తిరుగుతోంది, మా చుట్టాల గ్రూపులోనే ముగ్గురు పెట్టారు. అందులో ఉన్నది క్లుప్తంగా ఇదీ: ఆడవాళ్ళు ఆర్థికంగా ఎదిగారన్నది ఉత్త ప్రచారం, డ్వాక్రా ఓట్ల కోసం పుట్టిన స్కీము, సర్కారు డబ్బు పంచుతుంది వీళ్ళు ఎగ్గొడతారు, 2010లో అప్పులు కట్టలేక ఏమైందో చూశాం, తెచ్చిందంతా మొగుడి జేబులోకే పోతుంది, వీళ్ళ వ్యాపారం పచ్చళ్ళూ అప్పడాలూ దాటలేదు, దేశంలో పనిచేసే ఆడవాళ్ళు నలుగురిలో ఒక్కరే. మా అమ్మ చాలా ఏళ్ళుగా డ్వాక్రా గ్రూపులో, అంటే ఆడవాళ్ళ పొదుపు సంఘంలో ఉంది, కొన్నాళ్ళు లీడర్‌గా కూడా చేసింది, అందుకే చూసీ చూడనట్టు పోలేకపోయాను.

ముందు ఓట్ల కోసం పుట్టిందన్న మాట. డ్వాక్రా అన్న స్కీము 1982లో కేంద్రం పెట్టింది నిజమే, కానీ మన దగ్గర అది ఇంత పెద్దదవడానికి కారణం ఏ నాయకుడి హామీయో కాదు. నెల్లూరు జిల్లా దూబగుంటలో 1990ల మొదట్లో రాత్రిబడులకి వెళ్ళిన ఆడవాళ్ళు ఊళ్ళో సారా దుకాణం మూయించారు, అది జిల్లా అంతా పాకి రాష్ట్రమంతా పాకి 1993 అక్టోబర్ 1 నుంచి రాష్ట్రంలో సారా బంద్ అయింది. సారాకి పోయే డబ్బు ఇంట్లో మిగిలేసరికి అదే నెల్లూరులో రోజుకో రూపాయి చొప్పున పొదుపు మొదలుపెట్టారు. ప్రభుత్వాలు తర్వాత దీన్ని పట్టుకుని పెంచాయి, పేర్లు మార్చాయి, వెలుగు అన్నారు, ఐకేపీ (ఇందిరా క్రాంతి పథం) అన్నారు, అందులో రాజకీయం లేదని నేను అనను, కానీ మొదటి రూపాయి మాత్రం ఆ ఆడవాళ్ళదే.

ఇక సర్కారు సొమ్ము, ఎగ్గొట్టడం. ఇది వింటే నాకు నిజంగా బాధేస్తుంది. గ్రూపు లోన్ బ్యాంకు లోన్ అండి, వడ్డీతో కట్టాల్సిందే. గ్రూపు పెట్టగానే ఎవరూ ఇవ్వరు, పది పన్నెండు మంది కలిసి నెలనెలా పొదుపు చెయ్యాలి, అందులోంచే ఒకరికొకరు అప్పిచ్చుకుని వసూలు చేసుకోవాలి, మీటింగులు పెట్టాలి, పుస్తకాలు రాయాలి, ఇదంతా కనీసం ఆరు నెలలు సరిగ్గా నడిస్తే అప్పుడు తీర్మానం రాసుకుని బ్యాంకుకి పోతారు. సర్కారు ముఖ్యంగా ఇచ్చేది వడ్డీ రాయితీ, అదీ కిస్తీ టైంకి కట్టినవాళ్ళకే, తెలంగాణలో ఆ వడ్డీ వాపసు కూడా ఏళ్ళ తరబడి బకాయి పెట్టారు, అయినా వీళ్ళు కట్టడం మానలేదు. ఒకామె కిస్తీ తప్పితే మిగతా అందరి తర్వాతి లోన్ ఆగిపోతుంది, అందుకే సాయంత్రానికల్లా గ్రూపంతా ఆమె ఇంటి ముందుంటుంది, కుదరకపోతే తలా కొంత వేసి ఆ నెల కట్టేస్తారు. దేశం మొత్తం మీద గ్రూపు లోన్లలో మొండిబాకీ 2024 మార్చి నాటికి సుమారు 2 శాతం. రిజర్వ్ బ్యాంకు 2021లో తాకట్టు లేకుండా గ్రూపుకి ఇచ్చే లోన్ పరిమితిని 10 లక్షల నుంచి 20 లక్షలకి పెంచింది, ఎగ్గొట్టే వాళ్ళకైతే ఏ బ్యాంకూ పరిమితి పెంచదు కదా.

2014లో ఆంధ్రలో మాఫీ హామీ నమ్మి చాలా గ్రూపులు కట్టడం ఆపేశాయి, అది జరిగింది, దాచేదేం లేదు. కానీ దానివల్ల నష్టపోయింది ఎవరు? వడ్డీ మీద వడ్డీ పడి, బ్యాంకులో ఉన్న మంచి పేరు పోయి, కొత్త లోను ఆగి ఇబ్బంది పడింది ఆ ఆడవాళ్ళే. 2019 ఎన్నికల నాటికి ఉన్న అప్పుని తర్వాతి ప్రభుత్వం నాలుగు విడతల్లో ఇచ్చింది. హామీ ఇచ్చింది నాయకులు, ఎగవేతదార్లన్న పేరు మాత్రం వీళ్ళ మీద.

2010 సంగతి వేరే. అప్పుడు జనాన్ని పీక్కుతిన్నది ప్రైవేటు మైక్రోఫైనాన్స్ కంపెనీలు, వారం వారం వసూలు, ఒకే మనిషికి నాలుగైదు కంపెనీల అప్పు, కట్టకపోతే ఇంటి ముందు కూర్చుని పరువు తియ్యడం. ఆత్మహత్యలు జరిగాకే ఆ అక్టోబర్‌లో రాష్ట్ర ప్రభుత్వం ఆర్డినెన్స్ తెచ్చింది. ఆ కంపెనీల అప్పుని తెచ్చి డ్వాక్రా ఖాతాలో రాయడం తప్పు.

మొగుడి జేబులోకి పోతుందన్న దాంట్లో కొంత నిజముంది. మా ఊళ్ళోనే గ్రూపు లోన్‌తో ఆటో కొన్న ఇళ్ళున్నాయి, బోరు వేయించిన ఇళ్ళున్నాయి, అవి నడిపేది మగాళ్ళే. కానీ లోను ఆమె పేరు మీద ఉంది కాబట్టి ఇంట్లో లెక్క అడిగే హక్కు ఆమెకొచ్చింది, ఆటో తెచ్చిన డబ్బులోంచి పదో తారీకుకల్లా కిస్తీ తీసి పక్కన పెట్టాల్సిందే, లేకపోతే గ్రూపు ముందు తలెత్తుకోలేదు. మా చిన్నమ్మ అయితే బాబాయిని "ముందు కిస్తీ ఇయ్యి, తర్వాత ఏదన్నా మాట్లాడు" అంటుంది, ముప్పై ఏళ్ళ కింద మా నాయనమ్మ తాతయ్యతో అలా అనగలిగేదా? తాగి తగలేసే మొగుళ్ళు లేరని కాదు, ఉన్నారు, అలాంటి చోట అప్పు ఆమె కూలి చేసి తీరుస్తుంది, తప్పు పట్టాలంటే అతన్ని పట్టాలి.

పచ్చళ్ళూ అప్పడాలూ అన్నారే, అసలు తెలంగాణలో వడ్లు కొనేది ఎవరో ఈ మెసేజ్ రాసినాయనకి తెలుసా? ఊరూరా వడ్లు కొనే ఐకేపీ సెంటర్లు నడిపేది గ్రామ సంఘాల ఆడవాళ్ళే, గ్రామ సంఘమంటే ఊళ్ళోని గ్రూపులన్నీ కలిసింది. కోతలు మొదలైతే మా ఊరి కల్లం దగ్గర పొద్దున ఏడింటి నుంచి చీకటి పడేదాకా ఉంటారు. కుప్పలోంచి గుప్పెడు వడ్లు తీసి మిషన్‌లో పోసి తేమ చూడాలి, 17 శాతం దాటితే తీసుకోకూడదు, "పందొమ్మిదొచ్చింది బాపూ, ఇంకో రెండు రోజులు ఎండనియ్యి" అంటే పెద్దమనుషులు గయ్యిమని లేస్తారు, వాళ్ళకి నచ్చజెప్పాలి. తాలు చూడాలి, గన్నీ సంచులు తెప్పించాలి, సీరియల్ రాయాలి, హమాలీలతో కాంట వేయించాలి, లారీ రాకపోతే ఫోన్ల మీద ఫోన్లు, లారీ పోయాక మిల్లులో బస్తాకి ఇంత తరుగు అంటే మళ్ళీ వాళ్ళతో పేచీ, ఆపైన రైతు వివరాలన్నీ ట్యాబ్‌లో ఎక్కిస్తేనే అతని ఖాతాలో డబ్బు పడేది. రాత్రి వానొస్తే పరదాలు కప్పడానికి పరిగెత్తేదీ వాళ్ళే. ఏ గ్రేడ్ వడ్లకి 2024-25లో క్వింటాలుకి 2320 రూపాయల మద్దతు ధర, ఒక సెంటర్లో ఇరవై వేల క్వింటాళ్ళు కొన్నారంటే నాలుగున్నర కోట్ల పైన సరుకు వాళ్ళ చేతుల మీదుగా పోయినట్టు. ఇది వ్యాపారం కాకపోతే మరేంటి! ఇంకా నారాయణపేటలో జిల్లా మహిళా సమాఖ్య 2025 ఫిబ్రవరి నుంచి పెట్రోల్ బంకు నడుపుతోంది, మండల సమాఖ్యలు బస్సులు కొని ఆర్టీసీకి అద్దెకిస్తున్నాయి. పచ్చళ్ళు అమ్మడం కూడా తక్కువ పనేం కాదు, అది వేరే విషయం.

చివరిది, నలుగురిలో ఒక్కరే అన్న లెక్క. అది 2017-18 నాటిది, పదిహేనేళ్ళు దాటిన ఆడవాళ్ళలో పనిచేసేవాళ్ళూ పని వెతుక్కునేవాళ్ళూ కలిపి 23.3 శాతం అని అప్పటి కేంద్ర సర్వే. అదే సర్వే 2023-24లో 41.7 శాతం అంటోంది. ఈ పెరిగినదంతా మంచి ఉద్యోగాలని సంబరపడేది కూడా లేదు, పనిచేస్తున్నారని రాసుకున్న ఆడవాళ్ళలో మూడో వంతుకి పైగా సొంత పొలంలోనో ఇంటి కొట్లోనో జీతం లేకుండా పనిచేసేవాళ్ళే. ఇంటి చాకిరీ సంగతి చూస్తే జనం రోజులో ఏ పనికి ఎంతసేపు పెడతారో లెక్కగట్టిన 2024 టైం సర్వేలో ఆ పనులు చేసే ఆడవాళ్ళకి రోజుకి 289 నిమిషాలు పడుతోంది, మగవాళ్ళకి 88. అంటే పని ఎప్పుడూ తక్కువ లేదు, చేతికి డబ్బు రావడమే తక్కువ. దాని గురించి మాట్లాడాలనుంటే చాలా ఉంది. వడ్లు కొన్నందుకు గ్రామ సంఘానికి క్వింటాలుకి ముప్పై చిల్లర రూపాయల కమీషన్ వస్తుంది, సెంటర్లో కూర్చున్నవాళ్ళ కూలీ కూడా అందులోంచే ఇవ్వాలి. మా ఊరి సంఘానికి పోయిన సీజన్ కమీషన్ ఇంకా పడలేదు, అడిగితే బిల్లు పైకి పంపాం అంటున్నారు, ఇంకో నెలలో మళ్ళీ కోతలు మొదలవుతాయి.